యాంటీ ఆక్సిడెంట్ ఎంజైములను అనుకరించే కృత్రిమ పదార్థాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

రసాయనశాస్త్రం, జీవరసాయనశాస్త్రం చదివే విద్యార్థులు, ఇంట్లో రోగి ఉన్నవారు, వార్తల్లో ‘నానోజైమ్’ అన్న మాట చూసి ఆగినవారు ఇవే సందేహాలను మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. వాటినన్నింటినీ ఒకచోట చేర్చాను. ఏ ప్రశ్ననైనా నేరుగా తెరిచి చదువుకోవచ్చు, ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది. తెలుగులో జీవకణాన్నీ, పదార్థపు సూక్ష్మమైన ముక్కనూ రెండింటినీ ‘కణం’ అనే అంటాం. గందరగోళం రాకుండా ఇక్కడ కణం అంటే జీవకణం. నానో పదార్థపు ముక్కను రేణువు అన్నాను.

## మొదటి పరిచయం

ఈ కృత్రిమ పదార్థాలు ఏమిటి? క్లుప్తంగా చెప్పండి.

ప్రాణవాయువును వాడుకునే ప్రతి కణంలోనూ కొంత ఆక్సిజన్ దారి తప్పి, హాని చేసే రూపాల్లోకి మారుతుంది. వాటిని నీరుగా, మామూలు ఆక్సిజన్‌గా మార్చేందుకు కణంలో ఎంజైములనే కొన్ని ప్రొటీన్లు ఉన్నాయి. సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్, క్యాటలేజ్, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ వాటిలో ముఖ్యమైనవి. ప్రొటీను లేకుండానే ఆ పని చేసేలా ప్రయోగశాలలో తయారుచేసిన పదార్థాలే ఈ అనుకరణలు. వీటిలో కొన్ని ఒక లోహ పరమాణువును మధ్యలో పెట్టుకున్న చిన్న అణువులు. కొన్నింటిలో లోహమే ఉండదు, సెలీనియం ఉంటుంది. మరికొన్ని కొద్ది నానోమీటర్ల (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పదిలక్షలో వంతు) రేణువులు, వీటినే నానోజైములు అంటున్నారు.

సహజ ఎంజైములు శరీరంలో ఏ వరసలో పని చేస్తాయి?

కణానికి శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలో ఎలక్ట్రాన్లు ఒకదాని నుంచి మరొకదానికి చేతులు మారుతూ చివరికి ఆక్సిజన్‌ను చేరతాయి. మధ్యలో కొన్ని జారిపోతాయి. జారిన ఒక ఎలక్ట్రాన్‌ను ఆక్సిజన్ అందుకుంటే సూపరాక్సైడ్ అవుతుంది. సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ రెండు సూపరాక్సైడ్లను తీసుకుని ఒకదాన్ని ఆక్సిజన్‌గా, ఇంకొకదాన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. పెరాక్సైడ్ సంగతి క్యాటలేజ్, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ చూసుకుంటాయి, చివరికి మిగిలేది నీరు.

ఇందులో మొదటి ఎంజైము కథ నాకు చాలా ఇష్టం. రక్తంలో రాగి ఉన్న ఒక ప్రొటీను ఉందని 1938లోనే తెలుసు. అది ఏ పని చేస్తుందో ముప్పయి ఏళ్లపాటు ఎవరికీ తెలియలేదు. 1969లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జో మెకార్డ్, ఇర్విన్ ఫ్రిడోవిచ్ దాని పనిని కనిపెట్టారు.

ఈ వరసలో రెండో మెట్టు ఆగిపోతే ప్రమాదం. మిగిలిపోయిన పెరాక్సైడ్‌కు విడిగా తిరిగే ఇనుము తగిలితే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. రాడికల్ అంటే జత లేని ఎలక్ట్రాన్ ఉన్న అణువు లేదా అణువు ముక్క. ఇది ఫెంటన్ చర్య. హైడ్రాక్సిల్ రాడికల్ పుట్టిన చోటే ఏది దొరికితే దానితో కలిసిపోతుంది కాబట్టి దాన్ని పట్టే ఎంజైము లేదు. పుట్టకుండా చూడటమే మార్గం.

పుండు మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే నురగ వస్తుంది. దానికీ దీనికీ సంబంధం ఉందా?

ఉంది. ఆ నురగ క్యాటలేజ్ పని. రక్తంలో, కణజాలంలో ఉన్న ఈ ఎంజైము పెరాక్సైడ్‌ను నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. పైకి వచ్చే బుడగలు ఆ ఆక్సిజనే. ఒక్కో క్యాటలేజ్ అణువు సెకనుకు లక్షల సంఖ్యలో పెరాక్సైడ్ అణువులను విడగొట్టగలదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో జపాన్‌లో షిగేవో తకహారా అనే చెవి, ముక్కు, గొంతు వైద్యుడు ఒక బాలిక నోట్లో శస్త్రచికిత్స చేసి పెరాక్సైడ్ పోశారు. బుడగలు రాలేదు, రక్తం నల్లబడింది. ఆమె రక్తంలో క్యాటలేజ్ లేదని ఆయన గుర్తించారు. అలాంటి వారిలో చిగుళ్లు కుళ్లే వ్యాధి కనిపించింది గానీ, చాలామంది మామూలుగానే జీవించారు. పెరాక్సైడ్‌ను తొలగించే దారులు శరీరంలో ఒకటికి మించి ఉన్నాయని దీన్నిబట్టి అర్థమవుతుంది.

విటమిన్ సి, విటమిన్ ఇ మాత్రలు కూడా యాంటీ ఆక్సిడెంట్లే కదా? తేడా ఏమిటి?

విటమిన్ సి అణువు తన ఎలక్ట్రాన్‌ను ఇచ్చేసి ఖర్చయిపోతుంది. మళ్లీ పనికి రావాలంటే కణం దాన్ని తిరిగి నింపాలి. ఎంజైమూ, ఎంజైమును అనుకరించే పదార్థమూ ఒక చుట్టు పని పూర్తిచేసి తమ మొదటి రూపానికి వచ్చేస్తాయి, వెంటనే రెండో చుట్టు మొదలుపెడతాయి. వేగంలో కూడా పోలిక లేదు. సూపరాక్సైడ్‌తో విటమిన్ సి కలిసే వేగం డిస్మ్యుటేజ్ వేగంలో దాదాపు పదివేలవ వంతు.

ఎక్కువ మాత్రలు మింగితే ఆ లోటు తీరుతుందనుకోవడం ప్రమాదకరం. ఫిన్లండ్‌లో పొగతాగే 29,133 మంది పురుషుల మీద జరిగిన పరీక్ష ఫలితాలు 1994లో వచ్చాయి. మరో యాంటీ ఆక్సిడెంట్ అయిన బీటా కెరోటిన్ తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది.

నానోజైమ్ అన్న పేరు ఎప్పుడు వచ్చింది?

2004లో ఇటలీ శాస్త్రవేత్తలు పాస్క్వాటో, స్క్రిమిన్, వారి సహచరులు బంగారు నానోరేణువుల గురించి రాస్తూ ఈ మాట వాడారు. ఆ రేణువుల పని యాంటీ ఆక్సిడెంట్ పని కాదు, ఆర్‌ఎన్‌ఏను తెంచే ఎంజైమును అనుకరించడం. పైగా అక్కడ పని చేసింది రేణువు మీద అతికించిన అణువులు. 2007లో చైనా శాస్త్ర అకాడమీకి చెందిన యాన్ షియున్ బృందం, పైన ఏమీ అతికించని ఇనుప ఆక్సైడ్ రేణువే పెరాక్సిడేజ్‌లా పని చేస్తుందని చూపించింది. ఈ రంగానికి జనం రావడం అప్పటినుంచి మొదలైంది.

## ఏ పదార్థాలు, ఎందుకు

సహజ ఎంజైమునే సూదిమందుగా ఇవ్వవచ్చు కదా? కృత్రిమం ఎందుకు?

ఇచ్చి చూశారు. ఆవు కాలేయం నుంచి తీసిన డిస్మ్యుటేజ్‌ను ఆర్గోటీన్ అనే పేరుతో కీళ్లవాపులకు, రేడియేషన్ వల్ల వచ్చే బాధలకు యూరప్‌లో వాడారు. వేరే జీవి ప్రొటీను కాబట్టి అలర్జీలు వచ్చాయి, మందును వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఇంకా రెండు చిక్కులు ఉన్నాయి. ఇంత పెద్ద ప్రొటీను కణం పొర దాటి లోపలికి వెళ్లదు, సూపరాక్సైడ్ పుట్టేదేమో మైటోకాండ్రియా లోపల. రక్తంలోనూ అది ఎక్కువసేపు నిలవదు, మూత్రపిండాలు నిమిషాల్లో బయటికి పంపేస్తాయి. చిన్న అణువులతో ఈ మూడు చిక్కులూ తప్పించుకోవచ్చన్న ఆశతోనే అనుకరణల వేట మొదలైంది.

చిన్న అణువుల్లో ఎక్కడ చూసినా మాంగనీసే కనిపిస్తోంది. రాగి, ఇనుము పనికిరావా?

పని చేస్తాయి. కానీ అణువు విరిగి లోహం బయటపడితే రాగి, ఇనుము పెరాక్సైడ్‌తో కలిసి హైడ్రాక్సిల్ రాడికల్‌ను పుట్టిస్తాయి. కాపాడటానికి పంపిన మందే హాని చేస్తుంది. మాంగనీస్‌తో ఆ భయం చాలా తక్కువ. మన మైటోకాండ్రియాలోని డిస్మ్యుటేజ్ కూడా మాంగనీస్‌నే పెట్టుకుంది.

లోహాన్ని ఎంచుకోవడంతో పని అయిపోదు. డిస్మ్యుటేజ్ పనిలో లోహం మొదటి సూపరాక్సైడ్ నుంచి ఎలక్ట్రాన్ తీసుకోవాలి, రెండో దానికి ఇవ్వాలి. తీసుకోవడానికి మరీ ఆత్రపడే లోహం ఇవ్వడానికి ఒప్పుకోదు, ఇవ్వడానికి ఆత్రపడేది తీసుకోదు. రెండూ సమంగా జరగాలంటే ఆ లోహపు రెడాక్స్ పొటెన్షియల్, అంటే ఎలక్ట్రాన్‌ను తీసుకునే మొగ్గు కొలత, సుమారు 0.3 నుంచి 0.36 వోల్టుల దగ్గర ఉండాలి. సహజ ఎంజైములు సరిగ్గా అక్కడే ఉంటాయి. రసాయనవేత్తల కష్టమంతా మాంగనీస్ చుట్టూ ఏ చట్రం కడితే ఈ అంకె వస్తుందన్నదే.

మూడు కుటుంబాలు నిలిచాయి. ఈయూకే-8, ఈయూకే-134 వంటి సాలెన్ అణువులు ఒకటి. డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఇనెస్ బటినిచ్-హబర్లే, ఫ్రిడోవిచ్‌లు అభివృద్ధి చేసిన మాంగనీస్ పోర్ఫిరిన్లు, అంటే రక్తంలోని హీమ్ వంటి వలయం మధ్యలో మాంగనీస్ ఉన్న అణువులు, రెండోవి. ఎం40403, దాని అద్దపు ప్రతిబింబమైన జీసీ4419 వంటి వలయ అణువులు మూడోవి. పోర్ఫిరిన్ అంచుల్లో ధనావేశాలు పెట్టడం చాలా తెలివైన ఆలోచన. రుణావేశం ఉన్న సూపరాక్సైడ్‌ను అవి దగ్గరికి లాగుతాయి. సహజ ఎంజైము కూడా తన ప్రొటీను ఆవేశాలతో అదే చేస్తుంది. అయినా ఈ పోర్ఫిరిన్లలో పేరున్న ఒకటి వేగంలో సహజ ఎంజైముకు ముప్పయి రెట్లకు పైగా వెనుకే ఉంది.

ఎబ్‌సెలెన్ పేరు చాలాచోట్ల కనిపిస్తుంది. అది దేన్ని అనుకరిస్తుంది?

గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్‌ను. ఆ ఎంజైము గుండెలో సెలీనియం ఉందని 1973లో తెలిసింది. ఎబ్‌సెలెన్ అనే చిన్న సెలీనియం అణువు అదే పని చేస్తుందని 1984లో ప్రకటించారు. దీనిలో సెలీనియం వలయంలో గట్టిగా ఇరుక్కుని ఉండటం వల్ల శరీరంలోకి విడుదల కాదు, అందుకే విషప్రభావం తక్కువ. జపాన్‌లో పక్షవాతానికి (బ్రెయిన్ స్ట్రోక్) పరీక్షించారు. పెద్ద శబ్దం వల్ల వినికిడి తగ్గకుండా ఆపుతుందేమోనని చేసిన పరీక్షలో మంచి ఫలితం వచ్చిందని 2017లో ప్రచురించారు.

దీని బలహీనత కూడా తెలుసుకోవాలి. సల్ఫర్ ఉన్న ఏ ప్రొటీను దొరికినా ఎబ్‌సెలెన్ అతుక్కుంటుంది. 2020లో కరోనా వైరస్‌కు చెందిన ముఖ్యమైన ప్రొటియేజ్‌ను (ప్రొటీన్లను కోసే ఎంజైమును) అది అడ్డుకుంటుందని తేలడానికి కారణం ఈ గుణమే. కాబట్టి ఎబ్‌సెలెన్ ఒక వ్యాధిలో మేలు చేసిందంటే అది పెరాక్సిడేజ్ పని వల్లే అని తేల్చి చెప్పడం కష్టం.

సిరియం ఆక్సైడ్‌కు ఇంత పేరు ఎందుకు వచ్చింది?

సిరియం రెండు స్థితుల్లో హాయిగా ఉండగలదు, మూడు ధనావేశాలతోనూ, నాలుగు ధనావేశాలతోనూ. పెద్ద ముక్కలో దాదాపు అంతా నాలుగు ఆవేశాల స్థితే. రేణువును కొద్ది నానోమీటర్లకు తగ్గిస్తే ఉపరితలం మీద అక్కడక్కడ ఆక్సిజన్ లేని ఖాళీలు ఏర్పడతాయి, ఆ పక్కన సిరియం మూడు ఆవేశాలకు దిగుతుంది. ఒక స్థితి నుంచి ఇంకొక స్థితికి వెళ్లి తిరిగి రావడమే ఎంజైము పనికి కావలసిన గుణం. మూడు ఆవేశాల సిరియం ఎక్కువగా ఉన్న రేణువులు డిస్మ్యుటేజ్‌లా, నాలుగు ఆవేశాలది ఎక్కువగా ఉన్నవి క్యాటలేజ్‌లా ప్రవర్తిస్తాయని సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో సుదీప్త సీల్, విలియం సెల్ఫ్ బృందాలు 2007 నుంచి 2010 మధ్య చూపించాయి. అంతకుముందే, 2006లో, ఎలుకల కంటి రెటీనాను తీవ్రమైన వెలుగు దెబ్బ నుంచి ఈ రేణువులు కాపాడినట్లు ప్రచురణ వచ్చింది.

సిరియం అరుదైన మూలకమేమీ కాదు. అరుదైన మృత్తికల జాబితాలో ఉన్నా భూమి పొరలో ఇంచుమించు రాగి అంత ఉంది. అద్దాలు మెరుగుపెట్టే పొడిగా పరిశ్రమ ఎన్నో ఏళ్లుగా వాడుతోంది. శ్రీకాకుళం, భీమునిపట్నం తీరాల ఇసుకలో దొరికే మోనజైట్ ఖనిజంలో ఉండే ముఖ్యమైన మూలకాల్లో ఇదొకటి.

ఒక హెచ్చరిక. రక్తంలోనూ, కణాలను పెంచే ద్రావణాల్లోనూ ఫాస్ఫేట్ ఉంటుంది. అది మూడు ఆవేశాల సిరియంతో గట్టిగా కలిసిపోయి రేణువుకున్న డిస్మ్యుటేజ్ గుణాన్ని పోగొడుతుంది. శుద్ధమైన నీటిలో కొలిచిన అంకెను శరీరానికి వర్తింపజేయలేం.

సిరియం ఆక్సైడ్ కణాలను కాపాడిందని ఒకరు, చంపిందని ఇంకొకరు రాస్తున్నారు. ఏది నిజం?

రెండూ నిజం కావచ్చు, ఎందుకంటే ఆ ఇద్దరి దగ్గర ఉన్నది ఒకే పదార్థం కాదు. సీసా మీద పేరు ఒకటే. రేణువు పరిమాణం, ఉపరితలం మీద రెండు రకాల సిరియం నిష్పత్తి, తయారీలో వాడిన రసాయనాల మిగులు, పైపూత, ద్రావణపు ఆమ్లత వేరువేరు. ఆమ్ల స్థితిలో సిరియం ఆక్సైడ్ ఎదుటి అణువులను ఆక్సీకరించే, అంటే వాటి ఎలక్ట్రాన్లను లాక్కునే గుణం చూపుతుంది. ఈ వివరాలేవీ రాయని వ్యాసం ‘కాపాడింది’ అన్నా ‘చంపింది’ అన్నా దాన్నుంచి నేర్చుకోగలిగింది కొంచెమే.

మన దేశంలో ఎవరైనా ఈ పరిశోధన చేస్తున్నారా?

చేస్తున్నారు, గట్టిగా చేస్తున్నారు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో గోవిందసామి ముగేశ్ బృందం మొదట ఎబ్‌సెలెన్ వంటి సెలీనియం అణువుల మీద పని చేసింది. 2014లో పాట్రిక్ డిసిల్వా బృందంతో కలిసి వెనేడియం పెంటాక్సైడ్ నానోతీగలు గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్‌లా పని చేస్తాయని చూపించింది. వెనేడియం పెంటాక్సైడ్ పొడి విషం. అదే పదార్థం నానోతీగగా మారినప్పుడు కణంలో ఉన్న గ్లూటాథయోన్ అనే చిన్న అణువును వాడుకుని పెరాక్సైడ్‌ను తొలగించింది, కణాలకు రక్షణ ఇచ్చింది. పదార్థం ఒకటే అయినా రూపం మారితే స్వభావం మారుతుందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. 2017లో అదే బృందం పువ్వు ఆకారంలో ఉన్న మాంగనీస్ ఆక్సైడ్ రేణువు ఒక్కటే మూడు ఎంజైముల పనీ చేస్తుందని పార్కిన్సన్స్ వ్యాధి నమూనా కణాల్లో చూపించింది.

ఇనుప ఆక్సైడ్ నానోజైమ్ కూడా యాంటీ ఆక్సిడెంటేనా? టీఎంబీ నీలంగా మారింది.

కాదు. టీఎంబీ అంటే ఆక్సీకరణ జరిగితే నీలంగా మారే పరీక్షా రసాయనం. నీలం రంగు వచ్చిందంటే రేణువు పెరాక్సైడ్‌ను వాడుకుని దాన్ని ఆక్సీకరించింది. అది పెరాక్సిడేజ్ గుణం, చాలాసార్లు మధ్యలో హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. ఆమ్ల స్థితిలో ఈ గుణం బాగా కనిపిస్తుంది, తటస్థ స్థితిలో అదే రేణువు క్యాటలేజ్ వైపు మొగ్గుతుంది. పెరాక్సిడేజ్ గుణానికి వేరే ఉపయోగాలు ఉన్నాయి. రక్తహీనతకు 2009లో అమెరికాలో ఆమోదం పొందిన ఇనుప ఆక్సైడ్ మందు ఫెరుమోక్సిటాల్‌తో, పెరాక్సైడ్ కలిపి, పళ్ల మీద గారలోని సూక్ష్మజీవులను చంపవచ్చని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారు చూపించారు. అక్కడ జరిగేది రాడికల్స్‌తో దాడి. పేరులో ‘గ్లూటాథయోన్’ ఉన్న పెరాక్సిడేజ్ కాపాడే ఎంజైము, ఉత్త పెరాక్సిడేజ్ వేరు.

## ప్రయోగశాలలో

డీపీపీహెచ్ పరీక్షలో ఊదా రంగు పోయింది. డిస్మ్యుటేజ్‌ను అనుకరిస్తుందని రాయవచ్చా?

రాయకూడదు. డీపీపీహెచ్ సీసాలో నెలల తరబడి నిలిచే రాడికల్. శరీరంలో ఎక్కడా ఉండదు. ఎలక్ట్రాన్ ఇవ్వగల ఏ పదార్థమైనా, నిమ్మరసమైనా సరే, ఆ రంగును పోగొడుతుంది. సూపరాక్సైడ్‌ను పుట్టించి, అది తగ్గే వేగాన్ని కొలిచి, అదే సమయంలో పెరాక్సైడ్, ఆక్సిజన్ సరైన పాళ్లలో వస్తున్నాయని చూపి, కొద్ది మోతాదు పదార్థం తనకన్నా ఎన్నో రెట్లు సూపరాక్సైడ్‌ను తొలగించిందని లెక్కగట్టినప్పుడే ఆ మాట రాయగలం.

సైటోక్రోమ్ సి పరీక్షలో మంచి అంకె వచ్చింది. ఇంకేమి సరిచూసుకోవాలి?

సూపరాక్సైడ్ ఇచ్చే ఎలక్ట్రాన్‌తో సైటోక్రోమ్ సి అనే ప్రొటీను రంగు మారడాన్ని ఇందులో కొలుస్తారు, ఆ మార్పు తగ్గితే పదార్థం పని చేసినట్టు. నాలుగు మోసాలు ఉన్నాయి. ఈ పరీక్షలో సూపరాక్సైడ్‌ను పుట్టించేది గ్జాంథైన్ ఆక్సిడేజ్. మీ పదార్థం ఆ ఎంజైమునే ఆపేస్తే సూపరాక్సైడ్ పుట్టదు, సంకేతం తగ్గుతుంది, మీ పదార్థం గొప్పదిగా కనిపిస్తుంది. ఆ ఎంజైము తయారుచేసే యూరిక్ ఆమ్లం మామూలుగానే వస్తోందా అని 295 నానోమీటర్ల దగ్గర కొలిస్తే ఇది తేలిపోతుంది. రెండోది, పదార్థం నేరుగా సైటోక్రోమ్‌తోనే ఎలక్ట్రాన్లు మార్చుకోవడం. సూపరాక్సైడ్ లేకుండా రెండింటినీ కలిపి చూడాలి. మూడోది, రేణువులు కాంతిని తామే పీల్చుకోవడం, చెదరగొట్టడం. నాలుగోది, నా అనుభవంలో ఎక్కువమంది మరిచిపోయేది, రేణువు నుంచి కరిగి బయటపడ్డ లోహ అయాన్లు. విడిగా ఉన్న మాంగనీస్ అయాన్‌కు కూడా కొంత డిస్మ్యుటేజ్ గుణం ఉంది. రేణువులను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి తీసేసి, పైన మిగిలిన తేట ద్రావణంతో అదే పరీక్ష చేయండి. ఆ తేటే పని చేస్తుంటే మీ నానోజైమ్ గురించి మీరు రాసుకున్నదంతా మళ్లీ ఆలోచించాలి.

నా రేణువు సహజ ఎంజైముకన్నా చాలా రెట్లు వేగం అని లెక్క వచ్చింది. నమ్మవచ్చా?

దేనికి దేనితో పోల్చారో చూడండి. ఒక ఎంజైము అణువును ఒక రేణువుతో పోల్చితే రేణువు గెలవడం వింత కాదు. 5 నానోమీటర్ల సిరియం ఆక్సైడ్ గోళంలో సుమారు 1,650 సిరియం పరమాణువులు ఉంటాయి. ఎంజైములో పని చేసే చోట్లు ఒకటో, రెండో, నాలుగో. ఉపరితలం మీదున్న ఒక్కో లోహ పరమాణువు లెక్కన మళ్లీ గణిస్తే ఆ గెలుపు తరచుగా తలకిందులవుతుంది. లెక్క ఏ ప్రాతిపదికన వేశారో, అంటే రేణువుకా, బరువుకా, ఉపరితల వైశాల్యానికా, లోహ పరమాణువుకా అన్నది పట్టిక పక్కనే రాయాలి. పెరాక్సిడేజ్ తరహా నానోజైముల కొలతకు ఒక ప్రామాణిక పద్ధతి 2018లో ప్రచురితమైంది, కొత్తవారు దానితో మొదలుపెట్టడం మంచిది.

వేపాకు, తులసి రసంతో చేసిన ‘హరిత’ నానోరేణువులు సురక్షితమే కదా?

‘హరిత’ అన్న మాట తయారీ పద్ధతికి చెందినది. శరీరానికి సురక్షితమని దాని అర్థం కాదు. వెండి రేణువును ఏ ఆకు రసంతో చేసినా అది వెండి రేణువే.

మన కళాశాలల్లో ఈ ప్రాజెక్టులు విరివిగా జరుగుతాయి కాబట్టి ఇంకొక మాట చెప్పాలి. ఆకు రసంలోని పాలీఫినాల్స్ రేణువుల మీద అతుక్కుని ఉంటాయి, అవి స్వయంగా యాంటీ ఆక్సిడెంట్లు. పరీక్షలో కనిపించిన గుణం రేణువుదా, దాని మీది ఆకు పూతదా? అదే రసాన్ని రేణువులు లేకుండా పక్కన పెట్టి పరీక్షించకపోతే జవాబు ఉండదు. ఆ ఒక్క పోలిక చేర్చిన విద్యార్థి ప్రాజెక్టుకు నేను ఎక్కువ విలువ ఇస్తాను, ఫలితం సున్నా వచ్చినా సరే.

## శరీరంలోకి వెళ్లాక

నరంలోకి ఎక్కించిన రేణువులు ఎక్కడికి చేరతాయి?

ఎక్కువ భాగం కాలేయానికి, ప్లీహానికి. రక్తంలో అడుగుపెట్టగానే రక్తపు ప్రొటీన్లు రేణువు చుట్టూ పొరలా కప్పేస్తాయి, ఆ పొరను గుర్తుపట్టి అక్కడి భక్షక కణాలు మింగేస్తాయి. దాదాపు 6 నానోమీటర్లకన్నా చిన్నవాటిని మాత్రమే మూత్రపిండాలు సులువుగా వడకట్టి పంపగలవు. సిరియం ఆక్సైడ్ కరగదు కాబట్టి ఎలుకల కాలేయంలో నెలల తరబడి నిలిచిపోయింది. మెదడుకు చేర్చడం ఇంకా కష్టం. పక్షవాతం, పార్కిన్సన్స్ కోసం రేణువులు తయారుచేస్తున్నామని చదివినప్పుడు, మెదడుకు చేరింది ఎంత శాతమో వెతకండి.

ఈ రాడికల్స్ అన్నీ చెడ్డవే కదా? మొత్తం తీసేస్తే మంచిదే కదా?

కాదు. సూక్ష్మజీవులను మింగిన తెల్ల రక్తకణం వాటిని చంపడానికి సూపరాక్సైడ్‌ను కావాలనే తయారుచేస్తుంది. ఆ తయారీ యంత్రాంగం పుట్టుకతోనే పాడైన పిల్లలకు క్రానిక్ గ్రాన్యులోమేటస్ వ్యాధి వస్తుంది, పదే పదే తీవ్రమైన ఇన్ఫెక్షన్లు సోకుతాయి. థైరాయిడ్ గ్రంథి హార్మోను తయారుచేయడానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ కావాలి. కణాల మధ్య, కణం లోపల సందేశాలకూ పెరాక్సైడ్ వాడుక ఉంది. మంచి అనుకరణ ఎక్కడ, ఎప్పుడు ఎక్కువైందో అక్కడ మాత్రమే తగ్గించాలి. ఇది వేగం పెంచడంకన్నా కష్టమైన పని.

వీటితో ఆయుష్షు పెరుగుతుందా?

2000లో ఈయూకే-8, ఈయూకే-134 ఇచ్చిన సూక్ష్మమైన నులిపురుగుల సగటు ఆయుష్షు 44 శాతం పెరిగిందని వార్త వచ్చింది, పెద్ద సంచలనమైంది. 2003లో లండన్‌లోని మరొక ప్రయోగశాల ఈయూకే-8తో అదే ప్రయత్నించింది. పురుగుల్లో డిస్మ్యుటేజ్ గుణం పెరిగింది, ఆయుష్షు పెరగలేదు. మనుషుల ఆయుష్షు గురించి ఎవరైనా హామీ ఇస్తే ఆధారం లేని మాట అది.

ఎస్‌ఓడీ1 జన్యువు మార్పు వల్ల ఏఎల్‌ఎస్ అనే నరాల జబ్బు వస్తుందట. మరి ఆ ఎంజైము అనుకరణ ఇస్తే నయం కాదా?

ఎస్‌ఓడీ అంటే సూపరాక్సైడ్ డిస్మ్యుటేజే, దాని ఒక రకాన్ని తయారుచేసే జన్యువు ఎస్‌ఓడీ1. 1993లో ఈ జన్యు సంబంధం తెలిసినప్పుడు చాలామంది ఇలాగే ఆలోచించారు. తర్వాత తేలింది వేరు. మారిన ప్రొటీన్లలో కొన్ని డిస్మ్యుటేజ్ పనిని మామూలుగానే చేస్తున్నాయి. హాని చేస్తున్నది పని లోపించడం కాదు, సరిగా ముడుచుకోని ప్రొటీను ఉండలు కట్టడం, దానివల్ల కొత్తగా పుట్టే విషగుణం. అందుకే 2023లో అమెరికాలో ఆమోదం పొందిన టోఫెర్సెన్ మందు ఆ ప్రొటీను తయారీనే తగ్గిస్తుంది.

## మందులు, మాత్రలు, క్రీములు

ఈ తరహా మందుల్లో ఆమోదానికి దగ్గరగా వచ్చినది ఏది?

అవాసోపాసెమ్ మాంగనీస్, ప్రయోగశాల పేరు జీసీ4419. తల, మెడ క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకునేవారికి నోరంతా పుళ్లు పడి నీళ్లు కూడా మింగలేని స్థితి వస్తుంది. రేడియేషన్‌కు ముందు ఈ మందును నరంలోకి ఎక్కించి 455 మందితో మూడో దశ పరీక్ష చేశారు. తీవ్రమైన పుండ్లు మందు లేనివారిలో 64 శాతం మందికి, మందు తీసుకున్నవారిలో 54 శాతం మందికి వచ్చాయి. తేడా నిజమైనదే, కానీ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థకు సరిపోలేదు. 2023 ఆగస్టులో ఇంకొక పరీక్ష కావాలంటూ ఆమోదం నిరాకరించింది. ఆ నొప్పిని దగ్గరినుంచి చూసినవారికి పది శాతం తేడా చిన్నది కాదు. అయినా మందు నిలవాలంటే రుజువు ఇంకా గట్టిగా ఉండాలన్నది న్యాయమే అనిపిస్తుంది.

మా నాన్నగారికి నోటి క్యాన్సర్. రేడియేషన్ నడుస్తోంది. యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు ఇవ్వవచ్చా?

చికిత్స చేస్తున్న వైద్యుణ్ణి అడగకుండా ఇవ్వకండి. రేడియేషన్ క్యాన్సర్ కణాలను చంపేది చాలావరకు ఈ రాడికల్స్ ద్వారానే. కెనడాలో తల, మెడ క్యాన్సర్ రోగులు 540 మందితో జరిగిన పరీక్షలో, విటమిన్ ఇ మాత్రలు వాడుతున్న కాలంలో రెండో క్యాన్సర్ ఎక్కువగా కనిపించింది.

‘మరి డిస్మ్యుటేజ్ అనుకరణను ఎందుకు పరీక్షించారు?’ అని కుటుంబాలు అడుగుతాయి. అది సూపరాక్సైడ్‌ను పెరాక్సైడ్‌గా మారుస్తుంది. మామూలు కణాలు పెరాక్సైడ్‌ను సులువుగా తొలగించుకుంటాయి, చాలా క్యాన్సర్ కణాలకు ఆ శక్తి తక్కువ. ఒకే మందు మామూలు కణాన్ని కాపాడి క్యాన్సర్ కణాన్ని కాపాడకుండా ఉండాలన్నది అక్కడి లెక్క. దుకాణంలోని విటమిన్ మాత్రకు ఆ విచక్షణ లేదు. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ తాగే (చుట్ట మండే కొనను నోట్లో పెట్టుకునే) అలవాటు వల్ల అంగిలి క్యాన్సర్ వచ్చిన తల్లుల గురించి కూడా ఇదే ప్రశ్న వస్తుంది, జవాబు అదే.

ఎస్‌ఓడీ మాత్రలు అని అమ్ముతున్నారు. కొనవచ్చా?

ఎస్‌ఓడీ, అంటే సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్, ఒక ప్రొటీను. మింగితే పప్పులోని ప్రొటీనులాగే కడుపులో జీర్ణమవుతుంది. జీర్ణం కాకుండా పైపూత వేశామని చెప్పే ఉత్పత్తులు కూడా ఉన్నాయి. అంత పెద్ద అణువు పేగు గోడ దాటి, రక్తం దాటి, కణం లోపలికి చెక్కుచెదరకుండా చేరిందని ఎక్కడ చూపించారో అమ్మేవారిని అడగండి. ఆ డబ్బుతో మునగాకు, పప్పు, గుడ్డు తింటే ఎంజైములు తయారుచేసుకోవడానికి కావలసిన రాగి, జింకు, మాంగనీస్, సెలీనియం శరీరానికి అందుతాయి.

బొల్లికి సూడోక్యాటలేజ్ క్రీము రాస్తే తగ్గుతుందా?

బొల్లి మచ్చల్లో పెరాక్సైడ్ పేరుకుంటుందన్న పరిశోధనల ఆధారంగా 1990లలో ఈ మాంగనీస్ క్రీము వచ్చింది, తొలి నివేదికలు ఎంతో ఆశ కలిగించాయి. కానీ 2009లో, ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ వైద్యుడికీ తెలియకుండా చేసిన పరీక్షలో, అతినీలలోహిత కాంతి చికిత్సతో పాటు ఈ క్రీము రాసినా, ఉత్త క్రీము రాసినా పెద్ద తేడా కనిపించలేదు. కాంతి చికిత్సకు మాత్రం మంచి ఆధారం ఉంది. చర్మవైద్యులను కలిసి దాని గురించి అడగండి.

ముఖానికి రాసే క్రీముల్లో ఈయూకే-134 ఉంటుందట, నిజమేనా?

నిజమే, కొన్నింటిలో ఉంటుంది. సౌందర్య సాధనంగా అమ్మడానికి మందులా రోగుల మీద పెద్ద పరీక్షలతో రుజువు చూపనక్కరలేదు. క్రీములో ఉందన్నంత మాత్రాన చర్మంలో ఎంజైములా పని చేస్తోందని అర్థం కాదు.

ఈ రంగంలో పీహెచ్‌డీ చేయాలని ఉంది. ఎక్కడినుంచి మొదలుపెట్టాలి?

విద్యుత్ రసాయనశాస్త్రం, ఎంజైముల చర్యావేగం, రాడికల్స్‌ను గుర్తించే ఎలక్ట్రాన్ స్పిన్ రెజొనెన్స్, ఈ మూడూ గట్టిగా నేర్చుకోండి. రేణువులు తయారుచేయడం నెలల్లో వస్తుంది, కొలవడం రావడానికి ఏళ్లు పడుతుంది. చేరిన మొదటి నెలలో ఆవు ఎర్రరక్తకణాల నుంచి తీసిన అసలు డిస్మ్యుటేజ్ కొనిపించుకోండి. దాన్ని పెట్టి ప్రచురితమైన అంకె మీ చేతుల మీదుగా వచ్చేదాకా పరీక్ష చేయండి. ఆ తర్వాత మీ రేణువును పక్క గొట్టంలో పోయండి.